మూడుకీ నాలుగుకీ మధ్య

కోపం తగ్గని అక్కకి,
కోపం తగ్గని తమ్ముడు రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. నాన్న కూడా బాగానే ఉన్నాడు. నువ్వు అడగవని తెలిసీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరమంతా ఆయన గురించే. సగంలో చింపెయ్యకు.

వచ్చే వారం నగరం నడిబొడ్డున ఒక రాత్రంతా కళల పండగట. సాయంత్రం మొదలై తెల్లారేదాకా. టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. బ్యాంకుల వీధిలో కార్లు ఆపేసి, ఖాళీ ఆఫీసుల్లో, పార్కింగ్ అంతస్తుల్లో ఈ కాలపు కళాకారులు ఏవేవో చేస్తారు. ఒకాయన మంచుగడ్డలతో కుర్చీలు చేసి, అవి కరిగేదాకా జనాన్ని వాటిమీద కూర్చోబెడతాడట. గోడల మీద 'ఉచితం' అని మనిషెత్తు అక్షరాలు. ఉచితంగా దొరికేదానికి ఇంకెవరో ముందే వెల కట్టి ఉంటారని మా ప్రెస్సు మిత్రులం వేసే కరపత్రాల్లో ఒకదాంట్లో ఉంది. ఈసారి ఆ వెల కడుతున్నది ఎవరో విను.

అమ్మా నాన్నా పనిచేసిన ఐదంతస్తుల దుకాణం మూతపడ్డప్పటినుంచీ తాళం వేసే ఉంది. పండగ అయిపోగానే పడగొడతారు. ఈలోగా ఒక కళ్ళజోడావిడ, కళాకారిణిట, ఆ పాత లిఫ్టుని బాగుచేయించింది. ఆ రాత్రి దాన్ని నడిపేది నాన్న! అదే యూనిఫాం, లిఫ్టు నడిపే అదే పిడి, అదే స్టూలు. జనం వరసలో వచ్చి ఎక్కుతారు. నాన్న గ్రిల్ తలుపు లాగి, 'రెండో అంతస్తు, దుప్పట్లు, కర్టెన్లు' అని అప్పట్లాగే కేకెయ్యాలి. దిగి చూస్తే ఏముంటుంది? దుమ్మూ, కౌంటర్లు పీకేసిన మచ్చలూ. అదే కళట!

"నిన్ను కోతిని చేసి ఆడిస్తున్నారు నాన్నా," అన్నాను.

"కోతికి యూనిఫాం ఇస్తార్రా?" అన్నాడు, ఇత్తడి గుండీలు తోముకుంటూ.

"కోతికే ఇస్తారు."

"అయితే ఇస్త్రీ అన్నా సరిగ్గా చేసుకోనీ."

ఎప్పుడూ ఇంతే. నిప్పు తీసుకెళ్ళి మీద పోస్తే చలి కాచుకునే రకం.

అక్కా, నువ్వు మర్చిపోలేదు కదా? మూడో అంతస్తులో గుండీలు, రిబ్బన్లు, దారపు ఉండల కౌంటరు వెనక అమ్మ పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడేది. కూర్చున్న అమ్మాయి మర్నాడు పనికి రానక్కర్లేదు, అదీ రూలు. అమ్మ పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగి ఉండేవి. రాత్రుళ్ళు గోడకి కాళ్ళు ఎత్తి పెట్టుకుని పడుకునేది. ఆ కాలిలో గడ్డకట్టిన రక్తమే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని నర్సువి నువ్వే చెప్పావు. "అమ్మని నిలబెట్టి చంపారు, నువ్వు చూస్తూ ఊరుకున్నావు," అని నాన్న మొహం మీదే అనేసి వెళ్ళావు. ఆయన జవాబు చెప్పలేదు. నువ్వు మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

ఆ భవనంలో పనివాళ్ళకి ఒకే ఒక్క స్టూలు ఉండేది, లిఫ్టులో. నాన్న దాని మీద కూర్చునేవాడు. పోనీ ఆ పనైనా చేతనయ్యేదా? ఆయన లిఫ్టు నెలలో ఎన్నిసార్లు మధ్యలో ఇరుక్కుపోయేదో లెక్కలేదు. సేల్సు అమ్మాయిలంతా 'మధ్యంతస్తు బాబాయి' అని పేరు పెట్టారు. చిన్నప్పుడు ఆ పేరు వినబడితే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒక కరపత్రం రాశాను. పేరు 'కూర్చున్నవాడూ, నిలబడ్డవాళ్ళూ'. ప్రెస్సు మిత్రుడు అచ్చేసి ఇస్తానన్నాడు. ఆ రాత్రి లైనులో ఉన్న ప్రతి మనిషి చేతిలో పెడతాను. తెల్లారాక ఇంటికి వెళ్ళను. ప్రెస్సు వాళ్ళతో పాటు వేరే ఊరు వెళ్ళిపోతున్నాను. నాన్నకి ఇంకా చెప్పలేదు. కరపత్రమే చెప్తుంది.

నీ అగ్గిపుల్ల తమ్ముడు

*

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. డ్యూటీ మధ్యలో నిలబడి చదవకు.

జనం అంతమంది వస్తారని నేననుకోలేదు. చీకటి పడితే కుక్క కూడా తిరగని బ్యాంకుల వీధిలో ఇసకేస్తే రాలనంత జనం. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, ఒకచోట నా కాళ్ళూ ఆగిపోయాయి. రోజూ బస్సులు పోయే నాలుగు రోడ్ల మధ్య ఒక ముసలావిడ, చెప్పులు తలకింద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. అది కళో కాదో ఎవరూ బోర్డు పెట్టలేదు. వెళ్ళి పక్కన పడుకోవాలనిపించింది. చంకలో కరపత్రాల కట్ట గుర్తొచ్చి, బలవంతాన కోపం తెచ్చుకుని నడిచాను.

దుకాణం ముందు లైను వీధి మలుపు దాటింది. అందరికీ పంచాను. 'కూర్చున్నవాడు నిలబడ్డవాళ్ళ కోసం నోరు విప్పలేదు. ఈ రాత్రి అతన్ని చూసి చప్పట్లు కొట్టకండి' అని ఆఖరి వాక్యం. ఎవరన్నా నన్ను తిడతారనో, లైను వదిలి పోతారనో చూశాను. ఒకమ్మాయి, "ఇదీ ఇందులో భాగమేనా? కాగితం కూడా ఎంత బాగా ముతగ్గా వేశారో!" అంది. ఇంకొకాయన రెండోది అడిగి తీసుకున్నాడు, దాచుకోడానికట. ఒక లావుపాటాయన మడిచి విసురుకుంటూ లిఫ్టు ఎక్కాడు. నా ఒళ్ళు మండిపోయింది. తిట్టినా బాధపడేవాణ్ణి కాదు. మెచ్చుకుంటే ఏం చెయ్యను?

మెయిన్ స్విచ్చు మెట్ల కింద ఉంటుందని నాకు తెలుసు. లైట్లన్నీ ఆర్పేసి, ఆ చీకట్లో కరపత్రం గట్టిగా చదవాలని అప్పటికప్పుడు అనుకున్నాను. లిఫ్టులో మనుషులుండగా ఆపేంత మూర్ఖుణ్ణి కాదు. కాచుకుని కూర్చున్నాను. కాసేపటికి జనమంతా దిగిపోయారు, ఒక కుర్రది 'విరామం' అని బోర్డు తెచ్చి తలుపు దగ్గర పెట్టింది. నాన్న టీకి వెళ్ళాడనుకున్నాను. స్విచ్చు పిడి పట్టుకుని కిందకి లాగేశాను.

గుప్పున చీకటి. బయట జనం "ఓ!" అని అరిచి, చప్పట్లు కొట్టారు. చదవడానికి నోరు తెరిచాను. అప్పుడు, ఎక్కడో పైన, లిఫ్టు గొయ్యిలోంచి ఒక దగ్గు వినిపించింది.

పుట్టినప్పటినుంచీ వింటున్న దగ్గు అది.

స్విచ్చు మళ్ళీ పైకి వేశాను. దీపాలు వెలిగాయి గానీ లిఫ్టు కదల్లేదు. పరిగెత్తుకుంటూ మెట్లెక్కాను. మూడో అంతస్తులో కళ్ళజోడావిడ గ్రిల్ పట్టుకుని నిలబడి ఉంది. నేనెవరో తెలియక నాకే చెప్పుకుంది: "ఎవరో మెయిన్ ఆపేశారండీ. పాపం, ఈ పనికి ఒప్పుకుంటూ ఆయన కోరింది ఒక్కటే. మధ్యలో ఒక్క రౌండు, ఎవరూ ఎక్కకుండా, తనొక్కడే వెళ్ళొస్తానన్నారు. ఎందుకని నేను అడగలేదు." మెకానిక్కుకి ఫోను చెయ్యడానికి ఆవిడ కిందకి పోయింది.

లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఉంది. మూడో అంతస్తు తలుపు పైన జానెడు సందు. అందులోంచి నాన్న బూట్లూ, స్టూలు కాళ్ళూ కనిపిస్తున్నాయి. బూట్లు స్టూలు వైపు తిరిగి ఉన్నాయి.

"నాన్నా!"

"అరవకు. నాకేం చెవుడు లేదు. ఆపింది నువ్వేనా?"

"నేనే."

"ఇంకెవరికి తెలుసులే ఆ స్విచ్చు పెట్టె. దాని పక్కనే కూర్చుని ఎక్కాలు రాసేవాడివి. బాగా ఆపావురా. సరిగ్గా చోటు చూసి ఆపావు. నాకైతే ఇలా కుదరడానికి చాలా కాలం పట్టింది."

నాకు అర్థం కాలేదు. "ఆపడమేంటి? ఇది ఇరుక్కుపోయేది కదా?"

"దీనికేం రోగం? గడియారంలా నడిచేది."

అక్కా, ఆయన మొహం నాకు కనబడలేదు. నా మొహం ఆయనకి కనబడలేదు. అందుకే చెప్పగలిగాడేమో. మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లాక అమ్మ ఖాళీ పెట్టె ఒకటి పట్టుకుని, పైనుంచి సరుకు తేవడానికన్నట్టు లిఫ్టు ఎక్కేదట. ఇదిగో ఈ చోట, ఏ అంతస్తు వాళ్ళకీ లోపల ఎవరున్నారో కనబడదు. నాన్న పిడి తిప్పి ఇక్కడ ఆపేసేవాడు. అమ్మ స్టూలు మీద కూర్చునేది. చెప్పులు విడిచి కాళ్ళు చాపుకునేది. ఆయన నిలబడేవాడు.

"కింద సూపర్‌వైజరు నా వంశాన్నంతా తిడుతుండేవాడు. నేను 'వస్తున్నా సార్, ఇరుక్కుంది సార్' అని ఏడుపుగొంతు పెట్టేవాణ్ణి. మీ అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అక్క కడుపులో ఉన్నప్పుడైతే రోజూ ఇరుక్కోవాల్సిందే. ఆ బాబాయి పేరు అప్పుడు పడిందే."

"అందరికీ స్టూళ్ళు వెయ్యమని అడగొచ్చు కదా?" అన్నాను. సిగ్గులేకుండా ఇంకా వాదిస్తున్నాను చూడు.

"అడిగా. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం అన్యాయమే, నీదీ తీసేస్తామన్నాడు సూపర్‌వైజరు. అది కూడా పోతే మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుంది? నోరు మూసుకున్నా."

"మాకెందుకు చెప్పలేదు నాన్నా? అక్క అంత మాట అన్నప్పుడైనా..."

"ఏముందిరా చెప్పడానికి? పొద్దస్తమానం నిలబడ్డ మనిషిని కాసేపు కూర్చోబెట్టానని గొప్పలు పోవాలా? నీ కాగితం చదివాను. ఒకాయన విసురుకుంటూ తెచ్చాడు. అక్షర దోషాలు లేవు. రాసింది అబద్ధమూ కాదు. మిగతా రోజంతా నేను కూర్చునే ఉన్నాను."

నేను రాసిన పదునైన వాక్యాలన్నీ ఆ ఒక్క మాట ముందు మొద్దుబారిపోయాయి. నేను నిందించడానికి రాశాను, ఆయన ఒప్పుకుని చూపించాడు.

"సరే, ఇప్పుడన్నా కూర్చో. మెకానిక్కు వచ్చేసరికి తెల్లారేలా ఉంది. నీ మోకాళ్ళు..."

"ఇవాళ కూర్చోడానికి రాలేదురా," అన్నాడు.

బూట్లు కదల్లేదు. నేను కింద గచ్చు మీద కూర్చోబోయి, మనసొప్పక లేచి నిలబడ్డాను. మధ్యమధ్యలో జనం మెట్లెక్కి వచ్చి, జానెడు సందులో ఆ బూట్లనీ ఖాళీ స్టూలునీ చూసి గుసగుసలాడుకుని వెళ్ళారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకేం తెలుసో, ఏం తెలియకుండానే ఎలా ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. తెల్లారాక మెకానిక్కు పైన చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని మెల్లగా దించాడు. ముందు బూట్లు, తర్వాత గుండీలు, తర్వాత నాన్న మొహం. మిగిలిన నలుగురూ చప్పట్లు కొట్టారు.

"ఎందుకురా ఈ చప్పట్లు?" అన్నాడు నాన్న. అడుగు బయట పెట్టగానే కాళ్ళు నిలవక నా మీదికి ఒరిగిపోయాడు. స్టూలు నేను మోసుకొచ్చాను.

ప్రెస్సు వాళ్ళ బండి ఆ పొద్దున వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

నీ తమ్ముడు

*

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. 'ఇవన్నీ తెలిస్తే మాత్రం అమ్మ తిరిగొస్తుందా?' అని ఒక్క ముక్క రాశావు. రాదు. నాన్న కూడా అదే అంటాడు. నిన్ను ఒప్పించడానికి నా దగ్గర కరపత్రం ఏదీ లేదు.

దుకాణం పడగొడుతున్నారు. నాన్న చూస్తానంటే తీసుకెళ్ళాను. కాళ్ళ వాపు ఇంకా తగ్గలేదు, నా భుజం పట్టుకుని నడుస్తున్నాడు. ముందువైపు గోడ అప్పటికే పోయింది. ఇంకో రెండు రోజులకి మళ్ళీ వెళితే లిఫ్టు గొయ్యి కూడా లేదు, అటుపక్క భవనం కిటికీలు కనిపిస్తున్నాయి. నాన్న తలెత్తి చాలాసేపు వెతికి, గాలిలోకి వేలు చూపించి, "అదిగో, అక్కడ," అన్నాడు. అక్కడ ఏముంది అక్కా, ఆకాశం ముక్క. ఆయన దాన్నే చూస్తూ నా భుజం వదిలి ఒక అడుగు పక్కకి జరిగాడు, ఎవరికో చోటిచ్చినట్టు.

కళ్ళజోడావిడ వచ్చి స్టూలు ఇమ్మని అడిగింది, ఎక్కడో ప్రదర్శనలో పెడుతుందట. ఒకప్పుడైతే ఆవిణ్ణి వీధి చివరిదాకా తరిమేవాణ్ణి. నాన్నే మర్యాదగా కుదరదమ్మా అన్నాడు. అది వంటింటి గుమ్మం పక్కన ఉంది. ఇద్దరం దాన్ని తప్పుకుంటూ తిరుగుతున్నాం.

నీ కవరు వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. దస్తూరీ గుర్తుపట్టాడు. విప్పలేదు, నా కంచం పక్కన పెట్టి ఉంచాడు. నేను చదువుతున్నంతసేపూ అటు తిరిగి ఏదో సర్దుతూ ఉన్నాడు. తన గురించి ఏం రాశావో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. చివరికి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"దానికి రాత్రి డ్యూటీల్లో కూర్చోడానికేమన్నా ఉంటుందా?"

తెలీదన్నాను. రాసి కనుక్కోమన్నాడు.

అందుకే రాస్తున్నాను అక్కా. ఉంటుందా?

నీ తమ్ముడు