తలంటు పోసిన బ్రేకులు

గ్రాంజ్‌విల్,
ఆగస్టు 2, శనివారం ఉదయం

నోరీన్,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, పిల్లీ. అక్కడ నువ్వూ, మీ అక్కా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఐలీన్ వదిన ఆపరేషన్‌లో పెట్టిన కొత్త తుంటితో వంటగది దాకా నడిచిందని రాశావు, చాలా సంతోషం. తను నడవడం మొదలుపెట్టింది కాబట్టి ఇక ఇంట్లో అందరినీ పరుగెత్తిస్తుంది, నువ్వు కాస్త జాగ్రత్త.

నా అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కుడి భుజం దగ్గర విరిగిన ఎముక అతుక్కుందని డాక్టరు కట్టు విప్పేశాడు గాని, అరగంట రాస్తే చెయ్యి బరువెక్కుతోంది. ఫోన్లో ఎలా ఉన్నావంటే బాగున్నానని పెట్టేస్తావు, ఉత్తరం రాస్తే గాని నీ నోట మాట రాదు అని దెప్పావు కదా, అందుకే రాస్తున్నాను. నిజానికి ఈ వారంలో నీకు మూడుసార్లు ఫోన్ చేసింది ఒక సంగతి చెబుదామనే. మూడుసార్లూ నీ గొంతు వినగానే టమాటాల గురించి మాట్లాడాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. టమాటాలకు నీళ్ళు పోస్తున్నాను. జింకలు కంచె దూకి రెండు మొక్కలు తినేశాయి, మిగతావి కాస్తున్నాయి. పిల్లి నీ కుర్చీలోనే పడుకుంటోంది, నన్ను కూర్చోనివ్వడం లేదు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. రోజూ ఏం తింటున్నావని అడిగావు, అబద్ధం ఎందుకు, గుడ్లు తింటున్నాను. ఆదివారం చర్చిలో బెర్నిస్ ఇచ్చిన బంగాళాదుంపల గిన్నె బుధవారం దాకా వచ్చింది.

మనం పికప్పు వెనక తగిలించుకుని తిరిగే ట్రైలర్ ఇంటి సంగతి కూడా అడిగావు. లూయిస్టన్‌లో మెకానిక్ ఉర్రుటియా షెడ్డులోనే ఉంది. వెనక ఇరుసు వంగిపోయింది, ముందుది బాగానే ఉంది. కొత్త ఇరుసు ఇండియానా నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. తలుపు మాత్రం ఇప్పుడు సరిగ్గా పడుతోంది. మనం కొన్న రోజు నుంచీ పడని తలుపు, అంత దెబ్బ తగిలాక పడుతోంది చూడు.

ఇక నీ ఉత్తరం చివర అడిగినది. బస్సు నడపడం మానేస్తానని స్కూలు వాళ్ళకు కాగితం రాసి సిద్ధంగా పెట్టుకున్నాననీ, వచ్చే శుక్రవారం పోస్టులో వేస్తాననీ రాశావు. "నేను చేసేది సరైనదేనా లైల్, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నావు. దానికి జవాబు మొదటి వాక్యంలోనే రాయాల్సింది. రాయలేకపోయాను. జూన్‌లో ఆ రోజు జరిగింది మనిద్దరికీ తెలుసు, కానీ ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు. అందుకని మొదటి నుంచీ రాస్తాను, విసుక్కోకుండా చదువు.

వైట్ బర్డ్ కొండ దిగుతున్నాం. నువ్వు నడుపుతున్నావు, నేను పక్కన ఉన్నాను. పైన మొదలుపెట్టేటప్పుడే గేరు తగ్గించావు. రెండో మలుపు దాటాక ట్రైలర్ వెనక నుంచి పికప్పును తోయడం మొదలుపెట్టింది. నువ్వు బ్రేకు తొక్కితే పికప్పు బ్రేకుల నుంచి కాలిన వాసన వచ్చింది. అప్పుడు నువ్వు డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న డబ్బా మీద చెయ్యి వేశావు. ఒక్క ట్రైలర్ బ్రేకులే పట్టుకునేలా చేత్తో నొక్కే మీట ఉంటుందే, అది.

"నొక్కుతున్నాను లైల్, పట్టుకోవట్లేదు!" అని అరిచావు.

ఆ తరవాత కుడిపక్కన, బ్రేకులు పడని లారీలు ఆగడానికని గులకరాళ్ళు పోసి ఉంచిన ఎగువ దారిలోకి తిప్పావు. పికప్పు ఆ రాళ్ళలో కూరుకుపోయింది. ట్రైలర్ అడ్డం తిరిగి ఒరిగిపోయింది. సీటు బెల్టు నా ఎముక విరిచింది, నా ప్రాణం కాపాడింది. నీకు గీత కూడా పడలేదు. గీత పడి ఉంటే బాగుండేదని నువ్వు ఆస్పత్రిలో అన్నావు, ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

హైవే పోలీసు కుర్రాడు వచ్చి, "ఏం జరిగింది సార్?" అని అడిగాడు. నువ్వు దుప్పటి కప్పుకుని నాలుగడుగుల దూరంలో రాళ్ళ మీద కూర్చున్నావు.

"మా ఆవిడకి బ్రేకు మీద కాలు పెట్టుకునే కొండ దిగే అలవాటు. వేడెక్కిపోయాయి. ట్రైలర్ మీట నొక్కానంటోంది గాని, కంగారులో నొక్కి ఉండదు" అన్నాను.

అతను రాసుకున్నాడు. నువ్వు విన్నావు. ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపినదానివి, మంచులో, బురదలో, ఒక్క బిడ్డకు మోచెయ్యి గీరుకోకుండా దించినదానివి, నా మాట నమ్మి నీ మీద నువ్వే నమ్మకం పోగొట్టుకున్నావు. వెనక నలభై మంది పిల్లలు కూర్చుంటే నా చెయ్యి సరిగ్గా మీట మీద పడుతుందో లేదో నాకే తెలియనప్పుడు ఎలా నడపను, అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పెరట్లో చాలాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు ఉర్రుటియా సంగతి. ఇరుసు కొలతలు తీసుకోవడానికి రమ్మంటే జూలై పదిన బస్సులో వెళ్ళాను. అవును, మూడు వారాల కిందట. కొలతలకి నేనెందుకని అనుకుంటూనే వెళ్ళాను. నాలుగు చక్రాలూ ఊడదీసి, బ్రేకు డ్రమ్ములు వరసగా నేల మీద పరిచి ఉంచాడు. ఆ ముసలాడి సంగతి నీకు తెలుసు కదా, మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉంటుంది.

"ఏమయ్యా లైల్, ఇవి బ్రేకులా, పెళ్ళికొడుకులా? తలంటు పోశావేంటయ్యా!" అన్నాడు.

వంగి చూశాను. డ్రమ్ముల్లో, వాటిని ఒరుసుకునే బ్రేకు షూల మీద, అయస్కాంతాల మీద, ఎక్కడ చూసినా గ్రీజే. నల్లగా, ముద్దలు ముద్దలుగా. వేలు పెడితే పిడికెడు వచ్చింది.

"కరెంటు అందుతోంది. అయస్కాంతం లాగుతోంది. షూ వచ్చి డ్రమ్మును ఒరుసుకుంటోంది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కాకపోతే వేడి పెనం మీద వెన్నముక్క ఎలా జారుతుందో అలా జారుతోంది. నాలుగింట్లో ఒక్కటీ పట్టుకునే స్థితిలో లేదు. చక్రాల బేరింగులకు గ్రీజు ఎవరు కొట్టారు?"

"నేనే."

"చక్రం పైకి లేపి, తిప్పుతూ, మెల్లిగా కొట్టావా?"

"చక్రం నేల మీదే ఉంది."

"కొత్త గ్రీజు ముందుకు వచ్చిందా?"

"రాలేదు. అందుకే ఇంకా కొట్టాను."

ఆయన నెత్తి మీద టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ముందుకు రావట్లేదంటే వెనక్కి పోతోందని, నాయనా. వెనక సీలు తోసుకుని తిన్నగా బ్రేకుల్లోకి. ఎన్నేళ్ళుగా చేస్తున్నావు ఈ సేవ?"

నోరీన్, నేను ముప్పై ఆరేళ్ళు ధాన్యం గోదాములో పనిచేశాను. అక్కడ కన్వేయరు బేరింగులకు గ్రీజు ఎంత కొడితే అంత మంచిది. పాత గ్రీజంతా బయటికి ఉబికి వచ్చేదాకా కొట్టమనేవారు, పొరలిపోతే నేల మీద పడుతుంది, ఒకరు తుడుస్తారు, అంతే. ట్రైలర్ చక్రం వెనక బ్రేకు ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. కానీ చెయ్యికి పట్టిన అలవాటు బుర్రను అడగదు. ప్రతి మే నెలాఖరులోనూ చర్చి వెనక స్థలంలో మన ట్రైలర్ల వాళ్ళందరం చేరినప్పుడు, "డాక్టరుగారొచ్చారు, సూది మందు వేస్తారు" అని అందరూ నవ్వుతుంటే, గ్రీజు గన్ను భుజాన వేసుకుని తిరిగేవాణ్ణే, ఆ నాలుగు గంటలూ ఏడాది మొత్తంలో నాకు ఇష్టమైన గంటలు. ఉద్యోగం మానేశాక ఎవరికైనా నేను పనికొస్తున్నానని అనిపించేది ఆ ఒక్క రోజే. ఈ ఏడాది మన ట్రైలరుకి మరీ ఎక్కువ కొట్టాను. దూరం పోతున్నాం కదా అని, నీ కోసమని.

ఉర్రుటియాని ఎవరికీ చెప్పొద్దన్నాను. "నాకేం, నేను చెప్పను. నీ పెళ్ళానికైనా చెప్పు" అన్నాడు. దారి పొడుగునా ఇంటికెళ్ళగానే చెబుతాననుకున్నాను. ఆ రోజే నువ్వు వదిన దగ్గరికి పెట్టె సర్దుకుంటున్నావు. మొహం పాలిపోయి ఉంది. ఇప్పుడెందుకులే అనుకున్నాను. నువ్వు పికప్పు తాళాలు నా చేతిలో పెట్టి, ఇక నువ్వే నడుపు అని, బస్సు ఎక్కి వెళ్ళావు. నడపడమే బతుకైనదానివి ఎవరో నడిపే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళావు. అది చూస్తూ కూడా నోరు విప్పలేదు నేను. ఇంత పిరికివాణ్ణని ఈ వయసులో తెలిసింది.

ఇంతవరకూ రాసింది తెలియక చేసిన తప్పు. దీన్ని నువ్వు క్షమించగలవు, నిన్ను నేను ఎరుగుదును. నవ్వినా నవ్వుతావు. ఇంకోటి ఉంది.

ఆ డబ్బాకి చిన్న ఎర్ర అంకె ఉంటుంది. మీట ఎంత నొక్కితే అంత పెరుగుతుంది, పూర్తిగా నొక్కితే పది చూపిస్తుంది. నువ్వు అరిచినప్పుడు నేను దానివైపే చూశాను. పది ఉంది. నీ వేళ్ళు తెల్లబడి ఉన్నాయి, పది కదలకుండా ఉంది. నువ్వు నొక్కావు నోరీన్. నువ్వు నొక్కడం నేను నా కళ్ళతో చూశాను. చూసి కూడా ఆ పోలీసుతో నొక్కి ఉండదన్నాను. ఎందుకంటే, నువ్వు నొక్కినా పట్టుకోలేదంటే తప్పు బ్రేకులది. బ్రేకులు ఎవరి చేతి మీదుగా వెళ్ళాయో నాకు తెలుసు. ఆ రాళ్ళ మీద నిలబడి, ఎముక విరిగి, ఒక్క క్షణంలో ఇదంతా లెక్కకట్టి నిన్ను ముందుకు తోశాను. ఆలోచించకుండా నోరు జారిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. జారలేదు.

ఏం చేశానో కూడా చెబుతాను, చెప్పినంత మాత్రాన పొగడమని కాదు. నిన్న పొద్దున్నే హైవే పోలీసు ఆఫీసుకి వెళ్ళి ఆ కుర్రాణ్ణే అడిగి, నా వాంగ్మూలం మార్చి రాయించాను. అంకె సంగతి, గ్రీజు సంగతి, నువ్వు గేరు తగ్గించిన సంగతి అన్నీ చెప్పాను. అతను రాయడం ఆపి, "సార్, ఆ రోజు ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నారు కదా" అన్నాడు. అవునన్నాను. కాగితం నా వైపు తిప్పి సంతకం పెట్టించుకున్నాడు. నకలు ఈ కవరులోనే పెట్టాను, స్కూలు వాళ్ళకు కావాలంటే చూపించు.

అక్కడి నుంచి, మేలో నేను గ్రీజు కొట్టిన ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి, చక్రాలు విప్పించి చూసేదాకా ట్రైలర్ కదపొద్దని చెప్పాను. బెర్నిస్ గుమ్మంలో నిలబడి అంతా విని, "పన్నెండేళ్ళుగా నీకు వండి పెడుతుంటే నన్ను కొండ మీంచి తోసేద్దామనుకున్నావా లైల్?" అంది. నేను నవ్వబోయాను. "నవ్వకు. నోరీన్‌కి చెప్పావా?" అంది. లేదన్నాను. తలుపు వేసేసుకుంది. నాకింతవరకూ ఎవరూ అలా తలుపు వెయ్యలేదు.

ఇక నీ ప్రశ్నకి జవాబు. సరైనది కాదు. ఆ కాగితం చించెయ్యి. ఈ ఉత్తరం బుధవారానికి నీకు చేరుతుంది, శుక్రవారం దాకా ఆగక్కర్లేదు. నా మీద కోపంతో బస్సు మానకు, మానాలనిపిస్తే నన్ను మానెయ్యి. నువ్వు వచ్చేవరకూ ఎదురుచూస్తాను, రానంటే ఎందుకని అడగను. తిట్టడానికైనా ఒకసారి ఫోన్ చెయ్యి, ఈసారి టమాటాల ఊసెత్తను.

నీ చెయ్యి మీట మీద పడుతుందో లేదో అని భయపడుతున్నావు కదా, ఒకటి చెబుతాను, ఇది ఇంకెవరికీ తెలియదు. ఆ అంకె పది దగ్గర చూశాక, మలుపు ఎదురుగా వస్తుంటే, నేను రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను. రాళ్ళ దారి నేను చూడనే లేదు. స్టీరింగు నా చేతిలో ఉండి ఉంటే మనిద్దరం ఆ మలుపు దగ్గరే అయిపోయేవాళ్ళం. కళ్ళు తెరిచి ఉంచింది నువ్వు. పిల్లలు నీ వెనకే కూర్చోవాలి.

ఇట్లు,
నలభై ఒక్క ఏళ్ళుగా నీ పక్క సీట్లో కూర్చున్న
నీ భర్త
లైల్