అక్క రాని ఆదివారం

అక్కకు,

నీ తమ్ముడు రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, తిరగనని మొండికేసే నా గది ఫ్యానూ. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. వేళకు తింటున్నాను. దగ్గు తగ్గింది. ఇక నా ఉద్యోగమేమిటో బావకు అంతుపట్టడం లేదన్నావు. ఏ ఆఫీసు గడపా తొక్కనివాళ్ల దగ్గరికి ఆఫీసే నడిచి వెళ్లడం అని చెప్పు. వంతెనల కిందా, పాడుబడ్డ గోదాముల్లోనూ ఉండేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాం. మొదటి రోజే పేరడిగి పుస్తకం తీశామా, మర్నాటికి ఆ మనిషి కనబడడు. కొత్తలో నేనలా ఇద్దరిని పోగొట్టుకున్నాను. "పుస్తకం సంచిలో ఉండనీ. మంగళవారం నాలుగింటికి వస్తానన్నావా, నాలుగింటికి అక్కడుండు, చాలు," అని మాతో తిరిగే ఆసుపత్రి నర్సమ్మ చీవాట్లు పెట్టింది.

అలా ఏడు నెలలుగా ఒకాయన దగ్గరికి వెళ్తున్నాను. మూతబడిన సినిమా హాలు మెట్ల కింద ఉంటాడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడట, అందరూ గడియారం తాత అంటారు. కాలికి పుండు పడింది. పోయిన వారం నర్సమ్మ చూసి, "ఇంకో వారం ఆగితే కాలు తీసెయ్యాల్సి వస్తుంది," అని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అప్పట్నుంచి రోజూ వెళ్లి బతిమాలాను. ఆయన వింటేగా.

"నన్ను చూస్తే ఆసుపత్రివాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను రాను," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మొన్న ఇక ఏం చెప్పాలో తోచక నా సంగతే చెప్పాను. అక్కా, ఇది నీకూ ఇన్నాళ్లు చెప్పలేదు. కోపం తెచ్చుకోకు.

తాగుడులో పడి, ఇల్లొదిలి, నేను బస్టాండులో పడుకున్న ఆ ఏడాదిన్నరా నువ్వు ప్రతి ఆదివారం నన్ను వెతుక్కుంటూ వచ్చేదానివి. ఒక్కసారీ దొరకలేదని నీ బాధ. నేను ప్రతిసారీ నిన్ను చూశాను. నువ్వు క్యారియరు చేత్తో పట్టుకుని బెంచీ బెంచీ దగ్గరా ఆగి నా ఫొటో చూపిస్తుంటే, పార్సిళ్ల గది వెనక నక్కి నిలబడేవాడిని. సిగ్గు. నువ్వు వెళ్లిపోయాక ఏడ్చేవాడిని, మళ్లీ తాగేవాడిని.

"మరి ఎలా బయటికొచ్చావు?" అన్నాడు తాత, ఇటు తిరిగి.

"ఒక ఆదివారం అక్క రాలేదు తాతా. సాయంత్రం దాకా చూశాను. ఏమైందోనని కాలు నిలవలేదు. వెళ్లి తలుపు కొట్టాను. జ్వరంతో పడుకునుంది."

నా అంతట నేనే బుద్ధి తెచ్చుకుని ఇల్లు చేరానని నువ్వు అందరికీ గొప్పగా చెబుతుంటే నేను తల దించుకునేది ఇందుకే. నువ్వు అన్ని ఆదివారాలు రాబట్టే, రాని ఆదివారం ఒకటుందని నాకు తెలిసింది.

తాత గోడ పట్టుకుని మెల్లగా లేచాడు.

"రేపు నువ్వు రాకపోతే వెతుక్కుంటూ రావడానికి నాకు కాలుండాలి కదరా. పద," అన్నాడు.

కాలు దక్కుతుందని డాక్టరు ఇవాళ చెప్పాడు. అది ఎవరి చలవో ఆ డాక్టరుకు తెలియదు. నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇట్లు,
నీకు దొరికిన
తమ్ముడు