పేరు వ్రాయని మడ

కొత్తమొగ పల్లిపాలెం,
1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేది, శుక్రవారము.

మహారాజశ్రీ డిప్యూటీ కలెక్టరు గారి సముఖమునకు,

కొత్తమొగ పల్లిపాలెం కాపురస్థుడు కొల్లాటి పెదబాబు కుమార్తె తలుపులమ్మ, వయస్సు పదిహేడు, మిషను బాలికల పాఠశాలలో చదివి ప్రస్తుతము అదే బడిలో చిన్నపిల్లలకు అక్షరములు దిద్దించుచున్నది, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయము: తెల్లకొంగలు గూళ్లు పెట్టుకొన్న మడచెట్ల మీదికి రాబోవు అమావాస్య పోటు నీటితో తుపాకులవారు పోకుండ ఆపుట గురించియు, నా చేతివ్రాత పుస్తకమును నాకు తిరిగి ఇప్పించుట గురించియు.

తమరు మన తెలుగువారని విని ధైర్యము తెచ్చుకొని వ్రాయుచున్నాను. ఈ కాగితమును గుమాస్తాచేత చదివించుకొనక తామే చదువవలెనని మొదటి ప్రార్థన. కారణము దిగువ తెలియగలదు.

1. మాది సముద్రపు మొగ ప్రక్కన ముప్పది రెండు ఇండ్ల పేట. అందరును చేపలు పట్టి బ్రతుకువారు. చదువు వచ్చినది నా ఒక్కదానికే. నిరుడు ఇదే ఋతువులో, తమకు ముందు ఈ ఉద్యోగములో ఉన్న ఇంగ్లీషు దొరవారు పడవ మీద మా పాయలు చూడవచ్చిరి. వారికి పక్షులనిన ప్రాణము. ఏ పక్షి ఏ దినమున ఎక్కడ ఎన్ని కనిపించినవో ఇచ్చటివారెవరైనను వ్రాసి ఇచ్చిన, తాము సీమలోని పండితులకు పంపుదుమని మా పంతులమ్మ సంపూర్ణమ్మ గారితో చెప్పిరి. పంతులమ్మగారు నాకు నల్ల అట్ట పుస్తకమొకటి ఇచ్చి, "చూసింది చూసినట్టు రాయి తలుపులూ. లెక్క తెలియకపోతే తెలియలేదని రాయి. అందం కోసం ఒక్క ముక్క చేర్చావంటే పుస్తకం వెనక్కి తీసేసుకుంటాను," అనిరి.

ఆ ప్రకారమే వ్రాసితిని. మచ్చునకు:

"ఆగస్టు 19. నీరు తీసినవేళ. పొడుగు ముక్కు, కొన క్రిందికి వంగిన గోధుమరంగు పిట్టలు పదకొండు. ముక్కు కంటివరకు బురదలో దించి పీతలను లాగుచున్నవి. నిన్న ఇవి లేవు."

"సెప్టెంబరు 2. చిన్న బూడిదరంగు పిట్టల గుంపు. రెండు వందల వరకు లెక్కపెట్టితిని. అన్నియు ఒక్కసారి లేచినవి. లెక్క తప్పినది."

"సెప్టెంబరు 5. గూడబాతులు. తాత మూడనెను. నాలుగే."

ఈ పిట్టలు ఎక్కడినుండి వచ్చునో మాకు తెలియదు. శ్రావణ మాసము వచ్చుసరికి వచ్చును, ఎండలు ముదురకముందే పోవును. వానిని చూచినంతసేపు ఎక్కడికో పోవలెనని నాకు కూడ కాళ్లు నిలువవు. ఇది అర్జీకి సంబంధించినది కాదు, మన్నించవలెను.

2. మా పేటలో ఒక మర్యాద గలదు. గంప నిండిన వానిని చూచి "ఎక్కడ పడ్డాయిరా?" అని అడిగిన, "నీళ్లల్లో" అని మాత్రమే చెప్పును. అడిగినవాడును నవ్వి ఊరకుండును. తండ్రి కొడుకునకు కూడ నోటితో చెప్పడు. పడవలో కూర్చుండబెట్టుకొని తీసుకొనిపోయి చూపును. మా తాత పల్లంరాజు నాకు అట్లే కొంగల మడలు మూడును చూపెను.

నేను వానిని వ్రాసితిని. ఏ పాయలో పడవను నెట్టుటకు ఎన్ని గెడలు వేయవలెనో, ఏ చెట్టు వద్ద ఏ చేతికి తిరుగవలెనో, ఎన్నడును ఈ వైపు రానివాడు కూడ ఒంటరిగా పోగలుగునట్లు వ్రాసితిని. పంతులమ్మగారు చదివి, "ఇంత వివరంగా మగపిల్లలు కూడా రాయలేరు," అని మెచ్చుకొనిరి. ఆ సంతోషముతో రెండు దినములు నాకు ఆకలి తెలియలేదు.

మే నెలలో ఆ పుస్తకమును దొరవారి విడిదిలో గుమాస్తాకు ఇచ్చితిమి. జూనులో దొరవారికి బదిలీ అయినది. పుస్తకము వారి వెంట పోయినదో, పెట్టెలో ఉండిపోయినదో నాకు తెలియదు.

3. జూలై 11న మొదటి మడలో తుపాకులు ప్రేలినవి.

తెల్లకొంగలు గూళ్లు పెట్టు దినములలో వాని వీపు మీద సన్నని ఈకలు పెరుగును. మేము బడిలో లేసు అల్లు దారము కూడ అంత సన్నముగా నుండదు. సీమలో దొరసానుల టోపీలకు అవి కావలెనట. గూళ్ల కాలము దాటిన పిమ్మట ఆ ఈకలు ఉండవు గనుక కాల్చువారు గూళ్ల వద్దనే కాల్చుదురు. మరునాడు తాతతో దోనెలో పోయి చూచితిని. పెద్ద కొంగలు వీపు తోలు ఒలిచి బురదలో పడవేయబడి యున్నవి. పైన గూళ్లలో పిల్లలు నోళ్లు తెరిచి మా దోనె వైపు అరచినవి. తాత గుప్పెడు రొయ్యలు పైకి విసరెను. అందలేదు. మూడు దినములు అరచి ఊరకుండినవి.

ఎనిమిది దినములకు రెండవ మడ కూడ అట్లే అయినది.

చెట్ల మీద కొంగలున్నంతకాలము వాని రెట్ట పడిన నీటిలో రొయ్య చేరును. ఆషాఢ శ్రావణములలో సముద్రము కోపముగా ఉన్న దినములు మేము ఆ నీటి మీదనే గడుపుదుము. ఇప్పుడు ఆ రెండు పాయలలో వల వేసినచో కుళ్లిన ఆకులు వచ్చుచున్నవి.

4. దారి ఎవరు చెప్పిరని పేటలో రేగినది. తుపాకులవారిని తెచ్చి ఈకలను చెన్నపట్టణమునకు పంపించువారు అమ్మిరాజు గారు. మా పాయలలో చేపల వేలము పాట కూడ ఈ యేడు వారిదే. మా పేటలోని బుల్లియ్య వేసవిలో వారి పడవకు గెడ వేసెను. కాబట్టి చెప్పినది బుల్లియ్యే అని తీర్మానమయినది. ఆనాటినుండి అతని పడవను ఒడ్డుకు లాగుటకు ఎవరును చేయి వేయరు. రేవులో ఆడవారు అతని భార్యను చూచి, "ఏమ్మా, కొంగలేమన్నాయి? బాగున్నాయా?" అని నవ్వుదురు. బుల్లియ్య మొదట ఒట్లు పెట్టుకొనెను. తరువాత మాట్లాడుటయే మానెను.

నేను కూడ అతడే అనుకొంటిని. రేవులో నవ్వినవారిలో నేనును ఉంటిని.

5. ఆగస్టు 13న అమ్మిరాజు గారు మా పేటకు వచ్చి అరుగు మీద కూర్చుండిరి. పాట వారిది గనుక చాప వేయక తప్పదు.

"మీలో చదువొచ్చినోళ్లు ఎవరైనా ఉన్నారేంటి? మా గుమాస్తా జొరంతో పడుకున్నాడు," అనిరి.

మా తాత రొమ్ము విరిచి, "ఎందుకు లేరండి రాజుగారూ! మా మనవరాలు ఉంది. చేతిరాతైనా అచ్చైనా గడగడా చదివేస్తదండి," అనెను. చూచుటకు పేట అంతయు చేరినది.

కాగితము విప్పితిని. అక్షరములు ఎవరో గుమాస్తావి. మాటలు నావి. "తాత మూడనెను. నాలుగే" అను మాట కూడ విడువక ఎక్కించి యుండిరి. మొదటి మడకును రెండవ మడకును పోవు దారులు ఎర్ర పెన్సిలుతో కొట్టివేసి ఉన్నవి. మూడవది కొట్టివేయలేదు.

"చదవమ్మాయ్, ఆ మూడోది. గట్టిగా చదువు."

అయ్యా, అప్పుడు నేను తప్పు చదివితిని. ఆ కాగితము మీద లేని దారిని చదివితిని. సముద్రపు గట్టు వైపు, చెట్టు అనునది లేని ఉప్పు పర్రకు పోవు దారి అది. తడబడలేదు. పంతులమ్మగారు నేర్పిన ప్రకారము వాక్యము చివర ఆగి ఆగి చదివితిని. తాతకు ఆ పర్ర బాగుగా తెలియును. నా ముఖము వంక చూచెను.

మరునాటి సాయంకాలము అమ్మిరాజు గారు నడుము వరకు బురదతో వచ్చిరి.

"ఏంటమ్మాయ్, కొంగలన్నావు! పీతలు తప్ప పిట్ట ఈక లేదక్కడ!"

"రాసినోళ్లు తప్పు రాశారేమోనండి," అంటిని.

"రాసినోడెవడో గానీ రెండుసార్లు తప్పలేదే. మూడోసారే తప్పేడా?" అని కొంతసేపు నన్ను చూచిరి. "సర్లే. అమావాస్యకి మా గుమాస్తా లేస్తాడు. పున్నమి నీరు తీసేసింది, పెద్ద పడవ లోపలికి పోవాలన్నా మళ్లీ ఆ పోటు రావాల్సిందే," అని వెళ్లిపోయిరి.

ఆ పుస్తకములో ఒక్క అక్షరము కూడ తప్పు లేదని తమకు మనవి చేసుకొనుచున్నాను.

6. ఆగస్టు 18న తమ కచేరికి పోయితిని. బల్ల వద్దనున్న గుమాస్తా గారు, "ఏ స్థలం? సర్వే నంబరెంత?" అని అడిగిరి.

"చెప్పనండి."

"చెప్పవా! స్థలం లేకుండా దేన్ని ఆపమంటావమ్మా? గోదావరంతా ఆపమంటావా?"

"ఆపితే మంచిదేనండి."

బంట్రోతులు నవ్విరి. గుమాస్తా గారు నవ్వలేదు. "పిట్టల చట్టం మునిసిపాలిటీ హద్దుల్లోనే. మీ బురద మునిసిపాలిటీ ఎప్పుడైంది? సరే, ఆ చోటు పేరు రాసి పట్రా, అయ్యగారి బల్ల మీద పెడతాను."

"పేరు రాసిందే కదండీ ఓసారి బల్ల మీంచి పోయింది," అంటిని.

ఆయన కలము క్రింద పెట్టి, "పో," అనిరి.

ఆ మాట నేను అనకుండవలసినది. పుస్తకమునకు నకలు వ్రాసి ఇచ్చినది ఈయనయో మరియొకరో నేను చూడలేదు. చూడనిదానిని వ్రాయను.

7. పుస్తకము లేకపోయినను కండ్లు ఊరకుండవు. ఈ యేటి జాబితా తమ తెలివిడి కొరకు జతపరచుచున్నాను:

ఆగస్టు 9. వంకరముక్కు గోధుమరంగు పిట్టలు ఏడు. నిరుటికంటె పది దినములు ముందు. స్థలము: వ్రాయలేదు.

ఆగస్టు 15. చిన్న బూడిదరంగు పిట్టలు అరువది. వచ్చి వాలినవి, తిన్నవి, మరల లేచి దక్షిణముగా పోయినవి. స్థలము: వ్రాయలేదు.

ఆగస్టు 17. తెల్లకొంగల గూళ్లు నూట నలుబది మూడు. పిల్లలకు రెక్కల ఈకలు ఇంకను నిండలేదు. ఎగురుటకు మూడు వారములు పట్టును. స్థలము: వ్రాయలేదు.

నేను ఎరిగినంతవరకు మా మొగ వద్ద మిగిలిన గూళ్లు ఇవియే. స్థలము లేని జాబితాకు విలువ లేదని పంతులమ్మగారు అందురు. నిజమే. అయినను వ్రాయను.

కాబట్టి నా ప్రార్థనలు:

(అ) అమావాస్యకు, అనగా 27వ తేది శుక్రవారమునకు ముందే తమరు స్వయముగా రావలెను. గుమాస్తా వలదు, పెద్ద పడవ వలదు. మా దోనెలో ఇద్దరికి చోటున్నది. నేను గెడ వేయగలను. బురద మోకాళ్లవరకు ఉండును గనుక తమరు జోళ్లు విడువవలసి యుండును. చూచిన తరువాత, చట్టము చాలినచో చట్టముతో, చాలనిచో తమ నోటిమాటతో అమ్మిరాజు గారిని ఆపవలెను. నా మాట వారు వినరు. తమ మాట విందురు.

(ఆ) నల్ల అట్ట పుస్తకమును, దాని నకళ్లు ఎన్ని ఉన్నను అన్నిటిని తెప్పించి నాకు ఇప్పించవలెను.

(ఇ) దారి చెప్పినది బుల్లియ్య కాదని తమరు మా పేటలో అందరి యెదుట చెప్పవలెను. చెప్పుటకు నాకు ధైర్యము చాలుట లేదు.

తప్పు చదివినందుకు నాకు ఏ శిక్ష విధించినను సమ్మతమే. అమావాస్య దాటిన పిమ్మట విధించవలెనని మాత్రము వేడుకొనుచు, ఈ మొర ఆలస్యము లేక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కొల్లాటి తలుపులమ్మ (చేవ్రాలు)

తా.క. 21వ తేది, శనివారము ఉదయము.

పేటవారి నిశానీలు కూడ ఉన్న అర్జీకి బరువుండునని తాత చెప్పగా నిన్న సాయంకాలము అందరిని పిలిచితిమి. చదివి వినిపించనిదే మావారు దేని మీదను నిశానీ వేయరు. పైన వ్రాసినదంతయు చదివితిని. రెండవ అంశము వచ్చినప్పుడు దాటిపోవచ్చునని తోచినది. పట్టుకొనువారు ఎవరును లేరు. దాటలేదు.

బుల్లియ్య భార్య లేచి పిల్లను చంకనెత్తుకొని ఇంటికి పోయినది. పోవుచు నా వంక చూడలేదు. నేను కాగితము వంకనే చూచుచుంటిని.

కొంతసేపటికి బుల్లియ్య గొంతు వినబడినది. నెల దినముల తరువాత అతడు నలుగురిలో మాట్లాడుట అదే.

"ఆ మూడో మడ దారి ఇందులో ఉందా?"

"లేదు బాబాయ్."

"ఎక్కడా లేదా?"

"ఎక్కడా లేదు."

దగ్గరకు వచ్చి కలము తీసుకొనెను. "ఎక్కడ గీయాలో సరిగ్గా చూపించు. నాకు చదువు రాదని వేరేచోట గీయించేవు," అనెను. ఒక్కరు కూడ నవ్వలేదు. దిగువనున్న గెడ గుర్తు అతనిది.

మిగిలినవారు ఇంకను వేయలేదు. కొందరు ఆలోచించుచున్నారు. కొందరు నాతో మాట్లాడుట లేదు. అందరి కొరకు నేను నిలిచినను పోటు నిలువదు గనుక ఒక్క నిశానీతోనే తెచ్చి తమ విడిది వద్ద ఇచ్చుచున్నాను. పై (ఇ) ఇక అక్కరలేదు, కొట్టివేయుచున్నాను. (ఆ) ఎప్పుడైనను సరే.

(అ) మాత్రము కావలెను. ఆరు దినములున్నవి. జవాబు వ్రాయవద్దండి. రండి.