సైరన్ మోగిన వేళ పడ్డ గోల్

ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అపినేలు గారికి,

మీరు సంజాయిషీ అడిగారు కాబట్టి ఈ ఒక్కసారికి మామయ్యా అనడం లేదు.

ఫిజీ రాజధాని సువాలో మనకా చివరి గోల్ ఎలా పడిందో రాయమన్నారు. మన టువాలు జట్టు తాతల కాలం నుంచీ బయటి దేశాలకు వెళ్లి ఓడి వస్తూనే ఉంది. ఈసారి ఫిజీతో చెరో గోల్‌తో సమానంగా ఉన్నాం, ఆట అయిపోవచ్చింది. సరిగ్గా అప్పుడే స్టేడియం బయట అంబులెన్స్ సైరన్ మోగింది.

మన ఊరి మైదానంలో ఉప్పునీళ్లు ఊరుతున్నాయని మమ్మల్ని విమానాల రన్‌వే మీద ఆడుకోమన్నది మీరే కదండీ? అక్కడ సైరన్ మోగితే విమానం వస్తున్నట్టు. బంతి ఎక్కడుంటే అక్కడ వదిలేసి పక్కకి పరిగెత్తాలి. సువాలోనూ సైరన్ వినగానే మన డిఫెండర్ తౌకెలినా "విమానం!" అని అరిచాడు. డిఫెన్స్ మొత్తం గీత దాటి పారిపోయింది. దానికి వాడొక్కణ్ణే పిరికివాడని జట్టులోంచి తీసేస్తారా? మరి నన్నేం చేస్తారు? రన్‌వే మీద ఇసుక డబ్బాల్లో నిలబెట్టిన గోల్ కర్రల్ని ఎత్తుకుని పరిగెత్తేది నేనే. సువాలోనూ అలాగే పోస్టు పట్టుకుని లాగాను. బంతి నా పక్కనుంచే లోపలికి పోయింది.

"ఏంట్రా, దాన్ని కూడా మీ ఊరు పట్టుకుపోతావా?" అని వాళ్ల ఫార్వర్డు పగలబడి నవ్వాడు.

శిక్ష వేస్తే ఇద్దరికీ వెయ్యండి. దానికంటే ముందు, సైరన్ మోగని చోట మాకో రెండు పోస్టులు పాతించండి.

ఎంత లాగినా రాలేదు మామయ్యా. ఆ రోజు మనవైపు కదలకుండా నిలబడింది ఆ పోస్టొక్కటే. అదీ ఫిజీ వాళ్లది.

ఇట్లు,
ఇంకా తీసేయకపోతే, మీ గోల్‌కీపర్