మధ్యాహ్నం ఆపిన మోటారు

అన్నకు, చెల్లెలు సుగుణ చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. నువ్వు, వదిన ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి వాపు తగ్గిందా? మేం బాగానే ఉన్నాం. ఫోను ఎప్పుడూ మీ బావ జేబులోనే ఉంటుంది. ఆయన ఎదురుగా ఈ సంగతి చెప్పలేక రాస్తున్నాను.

కృష్ణపట్నంలో ఎండ మన బోగోలులాగే ఉంది గానీ, గాలిలో బొగ్గు పొడి. బయట ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. మీ బావ కాపలా ఉండే సారు ఇంటి వెనక గదిలోనే మా కాపురం. మాట్లాడడానికి ఎవరూ లేరు. అయినా బాగానే ఉన్నాం.

సారు హాల్లో మంచమంత గాజుతొట్టి ఉంది. అందులో సముద్రపు నీళ్లు, రంగు చేపలు, రాళ్లకు అంటుకొని పూలలా విచ్చుకునే పగడాలు. అవి ప్రాణమున్నవే. నీళ్లు తిప్పడానికి ఒక పెద్ద మోటారు పగలూ రాత్రీ నడుస్తుంది. కరెంటు బిల్లు చూసి సారు మీ బావతో, "ఊరికే ఏదీ తిరక్కుండా చూసుకోవయ్యా" అన్నారు. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఇల్లు తుడవడానికి వెళ్లినప్పుడు మోటారు ఆపి, సారు వాళ్లు ఇంటికొచ్చే ముందు వేసేదాన్ని. మనం పీతలను షావుకారు వచ్చేదాకా తడి గోనె కింద కదపకుండా ఉంచుతాం కదా. ఇవీ అలాగే నిమ్మళంగా ఉంటాయనుకున్నాను.

వారం తిరిగేసరికి పగడాలు ముడుచుకొని జిగురు పట్టాయి. పసుపు చేప చచ్చి తేలింది. తొట్టి బాగుచేసే ఆయన నెల్లూరు నుంచి వచ్చి చూసి, "నీళ్లు నిలిచిపోయి చేపకు ఊపిరాడలేదు సార్. ఎవురో మోటారు ఆపినారు" అన్నాడు.

"నేను ముట్టుకోలేదు సార్" అన్నారు మీ బావ.

"అబద్ధాలాడేవాడు నాకొద్దు, వేరే పని చూసుకో" అన్నారు సారు.

ఆరు నెలలుగా సారు ముందు నోరు తెరవని దాన్ని, తలుపు చాటు నుంచే, "నేనే ఆపినాను సార్" అన్నాను. పీతల సంగతీ చెప్పాను.

తొట్టి ఆయన నవ్వాడు. "ఇవి బుట్టకెక్కే పీతలు కాదమ్మా." తర్వాత, పెద్ద మోటారు తీసేసి తొట్టికి చెరో పక్క చిన్నవి పెడదామన్నాడు. ఒకటి ఆగితే ఒకటి తిరుగుతుందట, కరెంటు తక్కువ తింటాయట, కరెంటు పోయినా ఇన్వర్టరు మీద నడుస్తాయట. ఆ బలం చాలుతుందా అని సారుకు అనుమానం.

నాకు ఎలా ధైర్యం వచ్చిందో. "మా ఊరి దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగలో నీళ్లు ఒకే పక్కకు కొట్టవు సార్. పోటుకు లోపలికొస్తాయి, పాటుకు బయటికి పోతాయి. రాళ్ల మీద ఆల్చిప్పలు దాంతోనే బతుకుతుండాయి" అన్నాను. సారు చిన్నవే పెట్టమన్నారు. మమ్మల్ని పనిలో ఉంచుకునే సంగతి మాత్రం, మిగిలినవి బతికితే అప్పుడు చూద్దామన్నారు.

గదికొచ్చాక మీ బావ, "నాకెందుకు చెప్పలేదమ్మే? నేనంత పరాయోడినా?" అన్నారు. ఆయన దగ్గరా నాకు ఇంకా బెదురేనని ఎలా చెప్పను? మూడు రోజులుగా మాటల్లేవు. అన్నం మాత్రం తింటున్నారు.

రెండు పగడాలు కొంచెం విచ్చుకున్నాయి. ఎర్రది ఇంకా ముడుచుకునే ఉంది. రోజూ దాని ముందు కూర్చుంటున్నాను.

అన్నా, ఆయనకు ఒకసారి ఫోను చెయ్యి. నేను రాసినట్టు తెలియనివ్వొద్దని రాయబోయాను. వద్దు. సుగుణ రాసిందనే చెప్పు, ఉత్తరమంతా చదివి వినిపించు. దాచినందుకే ఇంత అయింది.

వీలైతే ఎవరితోనైనా ఎండు నెత్తళ్ల చేపలు పంపు, ఆయనకు ఇష్టం. అమ్మ కాళ్లకు, వదినకు నా దండాలు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించండి.

నీ చెల్లెలు
సుగుణ