రెండు చెంచాల వెండి నీళ్లు

ఆళ్లగడ్డ, జులై 2007, ఆదివారం

ఈరోజు నంద్యాలలో తెల్లకోటు వేసుకున్న ఒక దొంగను చూసి వచ్చాను. కల్యాణమండపం అద్దెకు తీసుకుని కంటికి ఆనని వెండి కణాలు కలిపిన నానో వెండి నీళ్లు అమ్ముతున్నాడు. రోజుకు రెండు చెంచాలు తాగితే షుగరు, కీళ్లనొప్పులు అన్నీ పోతాయట. పుండు మీద కట్టులో వెండి వాడతారు, నిజమే. తాగమని ఎవడు చెప్పాడు? పక్కింటి సుంకన్న అప్పటికే వాటికి అలవాటు పడ్డాడని తెలిసి, మాన్పిద్దామని వెంట వెళ్లాను.

"అంత సన్న కణం ఒంట్లో చేరితే యాడికి పోతాదప్పా?" అని లేచి అడిగాను.

"యాడికైనా పోతాది సార్, అదే దాని గొప్ప" అన్నాడు తెల్లకోటువాడు.

"మళ్ల బయటికి ఎట్ల వస్తాది?" అంటే నవ్వి, మైకు పక్కవాడికి ఇచ్చాడు. జనం వాడికే చప్పట్లు కొట్టారు. గొర్రెలు నయం.

తిరుగు బస్సులో సుంకన్నను కడిగేశాను. కాలి పుండు మానని మనిషి, వారం నుంచి షుగరు మాత్రలు మానేశాడట. సీసాల సంచి ఒళ్లో పెట్టుకుని అన్నాడు: "మీరు చెప్పిందే కద సార్. నానో మందు సూటిగా జబ్బు కాడికే పోతాదని మా పాప నోట్సులో ఉండాది."

ఇంటికి రాగానే ఆ నోట్సు తెప్పించాను. పదో తరగతికి నేను చెప్పి రాయించిన వ్యాసమే. లాభాలు రెండు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ తర్వాత ఎర్ర సిరాతో 'నష్టాలు' అని శీర్షిక. దాని కింద ఒకే వాక్యం: "పరీక్షకు రాదు, సార్ వద్దన్నారు."