రెండు గిన్నెల పప్పు

జూన్ 3, మంగళవారం. బట్టలు ఉతికాను, డ్రమ్ము కడిగాను, కందిపప్పు రెండు గిన్నెల్లో వండాను.

ఎన్నాళ్లుగానో అత్తయ్యది ఒకటే మాట: "నీ చేత్తో ఏస్తే పప్పు ఉడకదే!" గిన్నెల అడుగున తెల్లగా పేరుకుంటున్నది చూపించినా, తప్పు కుళాయి నీళ్లదంటే నమ్మదు. అందుకే పక్కింటి దీదీ దగ్గర బిందెడు వాన నీళ్లు అప్పు తెచ్చాను. వాటిలో వేసిన పప్పు వెన్నలా మెదిగింది. కుళాయి నీళ్లలోది పలుకులుగానే ఉండిపోయింది. రెండూ అత్తయ్య కంచంలోనే పక్కపక్కన వడ్డించాను.

"ఏటే ఇది, రాళ్లా?"

"కాదత్తయ్యా, మన కుళాయి."

ఆవిడ వాన నీళ్ల పప్పే మళ్లీ వేయించుకుంది. ఇక ఆ మాట నేను పడను. వానలు ఆగిపోయాక ఎలాగో మరి...

సాయంత్రం వాన కురిసింది. రేకుల చూరు కింద నిండిన బిందె దీదీకి ఇచ్చేశాను. బాకీ తీరింది.